టవర్ పక్కన నల్లబడ్డ మట్టలు
(పెదవేగి మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్ టవర్ల రేడియేషన్ వల్ల పంటలు పోతున్నాయా అన్న దాని మీద మాట్లాడమన్నారు. నేను హైస్కూలు దాకా చదివినవాణ్ని, సైంటిస్టును కాను. కానీ ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. అది చెప్పడానికే మైకు తీసుకున్నాను.

కొన్నేళ్ల క్రితం మా పక్క చేలో టవర్ లేచింది. ఏడాది తిరక్కుండా మా గట్టు మీది కొబ్బరి మట్టలు నల్లబడ్డాయి, కింద కోకో ఆకులూ నల్లబడ్డాయి. రేడియేషన్‌కి మాడిపోతున్నాయన్నారు. నేనూ నమ్మాను. టవర్ తీసేయాలని సంతకాలు పెట్టించి, ఆ అర్జీ పట్టుకుని మూడు నెలలు తిరిగాను. చేను అద్దెకిచ్చింది మా పెదనాన్న కొడుకే. ఇద్దరికీ ఏడాది మాటల్లేవు.

చివరికి మా అబ్బాయి ఒక ఆకు తెంపి వేలితో రుద్దాడు. నలుపంతా వేలికి అంటుకొచ్చింది. మాడిన ఆకైతే రుద్దితే పచ్చబడుతుందా? తిరగేసి చూస్తే అడుగున సుడులు సుడులుగా గుడ్లు, తెల్లటి మైనపు పొడి. తెల్లదోమ! అది రసం పీల్చి జిగురు విడుస్తుంది. ఆ జిగురు కింది ఆకుల మీద పడితే మసి బూజు కడుతుంది. నేను ఆఫీసుల చుట్టూ తిరిగిన మూడు నెలల్లో అది పామాయిల్ తోటలోకీ పాకింది.

ఈ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి దగ్గర మొదట కనబడింది. మన రాష్ట్రంలో కడియం ప్రాంతంలో ముందు గుర్తించారు. కనబడగానే ఘాటు మందులు కొట్టకండి. దాన్ని తినే ఎన్‌కార్సియా బదనికలు ముందు చస్తాయి. నేను రెండుసార్లు కొట్టి అనుభవించాను. పసుపు అట్టలకు ఆముదం రాసి కట్టండి, నీళ్లు ఒత్తిడితో ఆకు అడుగున కొట్టండి, మసికి పలచని గంజి కొట్టండి. ఐసేరియా శిలీంద్రం సంగతి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి. పామాయిల్ పరిశోధన సంస్థ మన పెదవేగిలోనే ఉంది, ఆకు పట్టుకెళ్లి చూపించడానికి బస్సు చార్జీ కూడా అక్కర్లేదు.

మరి రేడియేషన్ మొక్కల్ని ఏమీ చేయదా? అలా కొట్టిపారేయను. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ఫోన్ రేడియేషన్‌కి పెసర మొలకల వేరు ఎదుగుదల తగ్గిందని ప్రచురించారు. 2010లో తేనెటీగల పట్టులో ఫోన్లు పెట్టి చూస్తే రాణి ఈగ గుడ్లు పెట్టడం తగ్గిందన్నారు. అయితే అక్కడ ఫోన్ పక్కనే ఉంది. దూరం రెట్టింపైతే తరంగం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పెసర మొలక పక్కన ఫోన్ పెట్టడమూ, తోటకు దూరాన టవర్ నిలబడడమూ ఒకటి కాదు. 2013లో డెన్మార్క్ బడిపిల్లలు వైఫై పెట్టె పక్కన మొక్కలు మొలవలేదని చూపిస్తే లోకమంతా చెప్పుకుంది. ఆ పెట్టె వేడికి తడి ఆరిపోయి ఉంటుందేమోనని తర్వాత ప్రశ్నలొచ్చాయి. మన తోటలోనూ అంతే. టవర్ పక్క చెట్టును చూసినవాళ్లు, అదే వయసు, అదే నీరు, అదే ఎరువున్న దూరపు చెట్టును కూడా చూడాలి. నేను చూడలేదు. చూసుంటే మా ఊరికి అవతలి చివర, ఏ టవరూ లేనిచోట కూడా అదే నలుపు కనబడేది.

కంపెనీలను వదిలేయమని నేననడం లేదు. పక్షులు, తేనెటీగల మీద టవర్ల ప్రభావం చూడమని కేంద్ర పర్యావరణ శాఖ 2010లో నిపుణుల కమిటీ వేసింది. 2012 సెప్టెంబరు 1 నుంచి రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు దాటకూడదు. 2017లో వచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్లో ఫీజు కట్టి మీ ఊరి టవర్‌ను కొలవమని అడగొచ్చు. అనుమానం ఉంటే సంతకాల కన్నా ముందు కొలత తెప్పించండి. ఒక్కరి వల్ల కాకపోతే తలా కొంత వేసుకుందాం.

మా అన్నయ్య ఇంటికి నేనే వెళ్లాను. కాఫీ ఇచ్చాడు, టవర్ మాట ఎత్తలేదు.

వచ్చే నెల మీటింగుకి అనుమానమున్నవాళ్లు రెండు ఆకులు తెండి. ఒకటి టవర్ పక్కది, ఒకటి దూరానిది. విడివిడి కవర్లలో గట్టిగా మూతికట్టి తెండి, దోమ మా తోటకి రాకుండా.