అర సెకను ఆలస్యం

(చోళపురం యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడికి దగ్గర్లోని ఛత్రపట్టిలో నేసిన బ్యాండేజీ గుడ్డ ఎక్కడెక్కడి ఆసుపత్రులకో వెళ్తుంది. ఆ మగ్గాల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఈ రోజు మాత్రం కట్టు కట్టడానికి వీల్లేని గాయం గురించి మాట్లాడతాను.

మా సంఘంలో ఒక కుర్రాడు బైకు మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. సాక్ష్యం చెప్పించాం, చప్పట్లు కొట్టాం. ఆరు నెలలు తిరగకుండానే పనిలోంచి తీసేశారు. పిలిస్తే వెంటనే పలకడు, రెండు పనులు చెబితే ఒకటి మరిచిపోతాడు, చిన్నదానికే కోపం. వాళ్లమ్మ తీసుకొచ్చి "అయ్యగారూ, వీడికి కాస్త బుద్ధి చెప్పండి" అంది. చెప్పాను. సామెతల గ్రంథం తెరిచి సోమరితనం మీద అరగంట చెప్పాను. ఇంకొకరు దయ్యం పట్టిందని ఉపవాస ప్రార్థన పెట్టించారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో గుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల అని అడిగిన శిష్యుల వరుసలోనే నేనూ నిలబడ్డాను. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత ఒక పునరావాస వైద్య విభాగంలో అతన్ని పరీక్షించారు. నేను పక్కనే కూర్చున్నాను. తెర మీద వెలుగు రాగానే మీట నొక్కాలి, అంతే. ఆరోగ్యంగా ఉన్న యువకుడు ఇంచుమించు పావు సెకనులో నొక్కేస్తాడు. తర్వాత రెండు రంగులు వస్తాయి. ఒక రంగుకు కుడి మీట, రెండోదానికి ఎడమ మీట. ఇక్కడ మెదడు చూడాలి, ఏ రంగో తేల్చుకోవాలి, ఏ చెయ్యో ఎంచుకోవాలి. అందుకే ఎవరికైనా ఆలస్యమవుతుంది. 1868లోనే డోండర్స్ అనే డచ్ శాస్త్రవేత్త ఈ రెండు సమయాల తేడా తీసి, ఎంచుకోవడానికి మనసుకు ఎంత వ్యవధి పడుతుందో లెక్కగట్టాడు.

మనవాడు మొదటిది ఫర్వాలేదనిపించాడు. రెండోదానిలో బాగా వెనకబడ్డాడు. పది నిమిషాలయ్యేసరికి ఒకసారి తొందరగా, ఒకసారి చాలా ఆలస్యంగా నొక్కుతున్నాడు. చేతిలో బలం తగ్గలేదు. తల గట్టిగా కుదుపుకు లోనైతే మెదడులోని సన్నని నరాల పోగులు సాగిపోతాయి, కొన్ని తెగిపోతాయి. సీటీ స్కానులో ఇది చాలాసార్లు కనబడదు. మగ్గం దగ్గర పెరిగిన మీకు పోగు తెగితే ఏమవుతుందో నేను చెప్పాలా?

అర సెకనే కదా అంటారేమో. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి అర సెకనులో 8 మీటర్లు దాటేస్తుంది. యంత్రం దగ్గర వేలు పోవడానికి అంత కూడా అక్కర్లేదు.

అయితే ఒక్క పరీక్షే తీర్పు కాదు. నిద్ర చాలకపోయినా, మూర్ఛ మందులు వాడుతున్నా, చూపు మందగించినా ఆలస్యమవుతుంది. రెండోసారి చేసేవాడు అలవాటు వల్ల కూడా మెరుగవుతాడు. అందుకే మంచి పరిశోధకులు చికిత్స పొందినవారిని పొందనివారితో పోల్చి చూస్తారు. అక్షరాలను, అంకెలను వరసగా గీతతో కలిపే పరీక్ష కూడా ఉంది. నాలుగో తరగతితో బడి మానేసినవాడు అందులో వెనకబడితే అది గాయమా, పేదరికమా? ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మీ పిల్లవాణ్ణి ఎవరి సగటుతో పోలుస్తున్నారో అడగండి. పరిశోధనలో చేరమంటే మీకు అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. మధ్యలో మానుకునే హక్కు మీది. మానుకున్నంత మాత్రాన వైద్యం ఆపకూడదు.

మేరీ వర్గీస్ పేరు విన్నారా? వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యువ డాక్టరు. 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చలనం పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తర్వాత న్యూయార్కులో పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యింది. 1966లో అక్కడ పునరావాస సంస్థ తెరుచుకుంది. పోయిందేమిటో కొలిచి ఊరుకోకుండా, మిగిలినదానితో ఈ మనిషి ఏం చేయగలడని అడిగే వైద్యం అది.

చట్టం మాత్రం ఇంకా అక్కడికి రాలేదని నా అభిప్రాయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. తల గాయం వల్ల వచ్చే మెదడు లోపానికి అందులో ప్రత్యేకంగా పేరు లేదు. వేరే రకం కింద చూపించుకోవాలి. కాళ్లూ చేతులూ ఆడుతున్నవాడికి రాయితీలకు కావలసిన 40 శాతం ఎవరు రాస్తారు? అందుకని పరీక్ష ఫలితాల కాగితాలు ఒక్కటీ పారేయకండి. సంఘంలో చదువుకున్న తమ్ముడొకడు ఆ కుటుంబంతో పాటు ఆఫీసుకు వెళ్లండి.

మన కుర్రాడు ఇప్పుడు వాళ్ల మేనమామ కొట్లో సరుకు పొట్లాలు కడుతున్నాడు. ఒకసారికి ఒకే పని చెబుతారు. చేయాల్సినవి రాసిన చీటీ జేబులో ఉంటుంది. మధ్యాహ్నం గంటసేపు పడుకుంటాడు. క్రితం నెల వాళ్లమ్మ కనబడితే ఎలా ఉన్నాడని అడిగాను. "పేరు పెట్టి పిలిచి మనసులో అయిదు లెక్కపెడతాను అయ్యగారూ. అయిదు అయ్యేలోపే పలుకుతున్నాడు" అంది.