సీసాలో సగం, చీటీలో సగం



మన పాథాలజీ మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసం ఈ ఏడు నన్ను చెయ్యమన్నారు. ఏ విషయం మీద అని అడిగితే, "మాస్టారికి ఇష్టమైనది" అన్నారు. మాస్టారికి ఇష్టమైనది కాలేజీ మ్యూజియం. భోజనం కాగానే వెళ్ళి అక్కడ కూర్చునేవారు. స్పాటర్స్ పరీక్షలో మేము సీసా వంక ఒక్క చూపు చూసి "కాలేయం సార్, సిరోసిస్" అనేవాళ్ళం. "ఎవరిదయ్యా ఆ కాలేయం? వయసెంత? ఎన్నాళ్ళు బాధపడ్డాడు?" అని ఆయన అడిగేవారు. చీటీ చదవకుండా సీసా చూసినవాడికి పూర్తి మార్కులు ఎప్పుడూ వేయలేదు.

అవే ప్రశ్నలు రెండు వందల ఏళ్ళ క్రితం లండన్‌లో ఒక యువకుడు అడిగాడు. ఈ సాయంత్రం అతని కథ, అతను నిలబెట్టిన మ్యూజియం కథ చెబుతాను.

థేమ్స్ నదికి దక్షిణాన గైస్ ఆసుపత్రి ఉంది. దాన్ని 1721లో తలపెట్టినవాడు థామస్ గై అనే పుస్తకాల వ్యాపారి. బైబిళ్ళు అమ్మి సంపాదించాడు, సౌత్ సీ కంపెనీ వాటాలు సమయానికి అమ్మి ఇంకా ఎక్కువ సంపాదించాడు. ఆ కంపెనీ బానిసల వ్యాపారం చేసినదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆసుపత్రి తలుపులు తెరిచేనాటికి గై బతికిలేడు.

అప్పట్లో ఎదురుగానే సెయింట్ థామస్ ఆసుపత్రి ఉండేది. రెండిటి విద్యార్థులూ చాలాకాలం కలిసే చదువుకున్నారు. 1825లో ఆస్ట్లీ కూపర్ అనే పేరున్న సర్జన్ పదవి విడిచిపెడుతూ తన స్థానం సోదరుడి కొడుక్కి ఇవ్వమన్నాడు. సెయింట్ థామస్ వారు కుదరదన్నారు. మాటా మాటా పెరిగి పొత్తు విడిపోయింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇత్తడి సామాను ఒకరికి పోయినట్టు, పాత స్పెసిమెన్లు అటువైపే ఉండిపోయాయి. గైస్‌లో కొత్త మెడికల్ స్కూలు పెట్టారు గానీ చూపించి చెప్పడానికి అక్కడ ఏమీ లేదు.

ఆ కొరత తీర్చే పని థామస్ హాడ్జ్‌కిన్‌కి అప్పగించారు. 1798లో పుట్టినవాడు, క్వేకరు మతస్థుడు. పారిస్ వెళ్ళి లెనెక్ అనే వైద్యుడి దగ్గర స్టెతస్కోపు వాడకం నేర్చుకుని వచ్చాడు. గైస్‌లో ఆయనకు రెండు ఉద్యోగాలు: మ్యూజియం క్యూరేటరు, మృతదేహాల పరీక్షకుడు. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో పడడమే ఆ మ్యూజియం అదృష్టం. వార్డులో రోగికి ఏం జరిగిందో తెలుసుకునేవాడు, చనిపోయాక శరీరం కోసి చూసేవాడు, చూసింది రిజిస్టరులో రాసేవాడు, అవసరమైన భాగాన్ని స్పిరిట్‌లో వేసి అంకె కట్టేవాడు. 1829లో ఆయన కేటలాగు అచ్చయింది. అంతకుముందు మ్యూజియంలంటే చాలావరకు వింతల కొట్లు: రెండు తలల దూడ, రాక్షసుడంత మనిషి ఎముకలు. హాడ్జ్‌కిన్ వింతలకోసం వెతకలేదు. మామూలు మనుషులు మామూలుగా చచ్చిపోయే జబ్బులు ఏరి పెట్టాడు.

అలా పెడుతూ ఉండగా ఒక సంగతి ఆయన కంట్లో పడింది. కొందరు రోగుల్లో మెడలో, ఛాతీలో, పొట్టలో లింఫు గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. మన ఊళ్ళల్లో బిళ్ళలు కట్టాయంటామే, అలా. చాలామందికి కడుపులో బల్ల కూడా పెరిగింది. క్షయ కాదు, చీము లేదు, మరో చోటి పుండు వల్ల వచ్చిన వాపూ కాదు. ఏడుగురి సంగతులు రాశాడు. వారిలో మొదటివాడు సుమారు తొమ్మిదేళ్ళ పిల్లవాడు. 1832 జనవరిలో ఆ వ్యాసం లండన్ వైద్యుల సంఘంలో చదివారు. ఆయనకు అందులో సభ్యత్వం లేదు కాబట్టి కార్యదర్శి చదివాడు. విన్నవాళ్ళు విని ఊరుకున్నారు. వ్యాసం మరుగున పడింది. సీసాలు మాత్రం అల్మైరాలో ఉన్నాయి.

అదే ఏడు బ్రిటిష్ పార్లమెంటు అనాటమీ చట్టం చేసింది. ఎవరూ అడగని శవాలు, అంటే పేదల శరణాలయాల్లో చచ్చిపోయిన పేదవాళ్ళ శవాలు, కోతబల్లల మీదికి చేరడానికి అది దారి వేసింది. గైస్ కూడా పేదల ఆసుపత్రే. ఆ సీసాల్లో ఉన్నవాళ్ళలో ఎందరిని అడిగి తీసుకున్నారు? నాకు తెలిసి ఇది ప్రతి పాత మ్యూజియం మోయవలసిన భారం, మన మ్యూజియం కూడా. అందుకే మాస్టారు "ఎవరిదయ్యా" అని అడిగేవారని నేను నమ్ముతాను.

హాడ్జ్‌కిన్ గైస్‌లో నిలవలేదు. 1837లో సహాయ వైద్యుడి పదవి ఖాళీ అయితే అందరికన్నా అర్హుడు ఆయనే. ఆసుపత్రి కోశాధికారి బెంజమిన్ హారిసన్ మాటే అక్కడ శాసనం. ఆయన హడ్సన్స్ బే కంపెనీలో కూడా పెద్ద. ఉత్తర అమెరికా ఆదివాసుల పట్ల ఆ కంపెనీ నడవడి బాగాలేదని హాడ్జ్‌కిన్ ఆయనకే ఉత్తరం రాసి ఉన్నాడు. పదవి ఇంకొకరికి పోయింది. హాడ్జ్‌కిన్ రాజీనామా ఇచ్చి బయటికి వచ్చాడు. ఆదివాసుల హక్కుల కోసం సంఘం పెట్టినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ ఉత్తరం రాయకుండా ఉంటే పెద్ద డాక్టరయ్యేవాడు. రాసినందుకే ఆయనంటే నాకు మరింత గౌరవం.

మ్యూజియంలో మిగిలిన మరో మనిషి గురించి కొంచెం ఎక్కువసేపే చెబుతాను. ఫార్మలిన్‌తో అవయవాలు నిలవ చెయ్యవచ్చని తెలిసింది 1890లలో. అంతకుముందు అంతా స్పిరిట్. స్పిరిట్‌లో వేస్తే అవయవం ఆకారం ఉంటుంది, రంగు పోతుంది. చర్మరోగాన్ని రంగు లేకుండా ఏం చూపిస్తాం? ఈ చిక్కును మైనంతో విడదీసినవాడు జోసెఫ్ టౌన్. రాయ్‌స్టన్ అనే చిన్న ఊరి మతబోధకుడి కొడుకు. ఎవరికీ తెలియకుండా రాత్రిళ్ళు మైనంతో అస్థిపంజరం చేసి, దాన్ని పట్టుకుని లండన్ వచ్చాడు. ఆస్ట్లీ కూపర్ చూసి మెచ్చుకున్నాడు. 1826లో గైస్‌లో చేరి 1879లో పోయేదాకా, 53 ఏళ్ళు, అక్కడే పనిచేశాడు. వెయ్యికి పైగా నమూనాలు చేశాడు. గది తలుపు వేసుకుని పనిచేసేవాడు. మైనంలో ఏం కలిపేవాడో ఎవరికీ చెప్పలేదు. ఆ విద్య అతనితోనే పోయింది. నమూనాల్లో పొక్కు పక్కన చర్మం మీది తడి మెరుపు కూడా కనిపిస్తుంది. పనివాడంటే నాకు చెప్పలేనంత అభిమానం, అయినా విద్య దాచుకున్నందుకు అతన్ని క్షమించలేను.

సీసాల సంగతికి వస్తాను. 1850లలో ఆ మ్యూజియంలోనే పనిచేసిన శామ్యూల్ విల్క్స్ అనే యువ వైద్యుడు అలాంటి గ్రంథుల వాపే చూసి, కొత్త జబ్బు కనిపెట్టాననుకుని రాశాడు. తరవాత రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడి పాత రచనలో హాడ్జ్‌కిన్ పేరు కనబడింది. వెతికి చదివాడు. తనకంటే ముందే ఒకరు కనిపెట్టారని ఒప్పుకుని, 1865లో దానికి హాడ్జ్‌కిన్ జబ్బు అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు హాడ్జ్‌కిన్ పాలస్తీనాలో జాఫా ఊళ్ళో విరేచనాలతో చనిపోయాడు. వైద్య చరిత్రలో ఇంత నిజాయితీగా కీర్తిని తిరిగి ఇచ్చేసినవాళ్ళు తక్కువ.

1898లో స్టెర్న్‌బెర్గ్, 1902లో డొరొతీ రీడ్ ఆ జబ్బుకు గుర్తైన పెద్ద కణాన్ని మైక్రోస్కోపులో వర్ణించారు. హాడ్జ్‌కిన్ చెప్పింది నిజంగా ఆ జబ్బేనా అన్న సందేహం మిగిలింది; ఆయన కంటితో చూసి రాశాడు అంతే. 1926లో హెర్బర్ట్ ఫాక్స్ అనే పాథాలజిస్టు గైస్ సీసాల్లోంచి ముగ్గురి కణజాలం తీసి కోసి చూశాడు. ఇద్దరిది ఆ జబ్బే. మూడోది వేరే రకం లింఫోమా. 94 ఏళ్ళకు పైగా స్పిరిట్‌లో ఉన్న ముక్క సమాధానం చెప్పింది. ఏ ముక్క ఏ రోగిదో హాడ్జ్‌కిన్ రాసి ఉంచకపోతే ఆ సమాధానం ఎవరిదో తెలిసేది కాదు.

ఇక్కడ మన భీమవరం వస్తుంది. 1960లలో అమెరికా నేషనల్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ జబ్బుకు నాలుగు మందులు కలిపి ఇచ్చి చూశారు. మొదటి కలయికలో ఒక మందు మెథోట్రెక్సేట్. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన లెడర్లే పరిశోధనశాల నుంచి వచ్చింది. తరవాత దాని స్థానంలో వేరే మందు పెట్టారు. 1970లో ప్రకటించిన ఫలితాల్లో ముదిరిన జబ్బుతో ఉన్న 43 మందిలో 35 మందికి జబ్బు ఆనవాళ్ళు పూర్తిగా పోయాయి. ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడి జబ్బు ఈనాడు చాలామందికి నయమవుతోంది.

గైస్ సేకరణ 1905 నుంచి గోర్డన్ మ్యూజియం అనే కట్టడంలో ఉంది. అందరినీ లోపలికి రానివ్వరు. విద్యార్థులూ వైద్యులూ చూస్తారు. చీటీ లేని దేహానికి గౌరవం లేదని తెలిసినవాళ్ళు దాన్ని నడుపుతున్నారు.

నేను ట్యూటరుగా చేరిన ఒక కాలేజీలో, పేరు అనవసరం, భవనం మరమ్మతు పేరుతో సీసాలన్నీ వరండాలో పేర్చారు. ఒక వానాకాలం గడిచింది. చీటీలు చెదలు తిన్నాయి, రిజిస్టరు కనబడలేదు. తరవాత ఆ సీసాలు కడిగి మళ్ళీ అల్మైరాలో పెట్టాం. ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఎవరివో ఎవరికీ తెలియదు.

మన మ్యూజియంలో మాస్టారు తన చేత్తో రాసిన మూడు రిజిస్టర్లు ఉండేవి. రెండు ఉన్నాయి, నిన్ననే చూశాను. వాటిని ఈ సెలవుల్లోనే పేజీ పేజీ ఫొటో తీయించమని ప్రిన్సిపాల్ గారిని ఈ సభాముఖంగా అడుగుతున్నాను. మూడోది ఎవరో పాత విద్యార్థి పీజీ థీసిస్ కోసం తీసుకెళ్ళారని అటెండరు చెప్పాడు. ఈ సభలో పాత విద్యార్థులు చాలామంది ఉన్నారు. దయచేసి ఇంటికి వెళ్ళి అటకలు చూడండి. దొరికితే తెచ్చి ఇవ్వండి. ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగరు.