ఇల్లూ, కారూ: అప్పుడూ ఇప్పుడూ

అంబాసిడర్ కార్ల రోజుల్లో పొద్దున్నే బానెట్ ఎత్తి, రేడియేటరులో నీళ్ళు పోసి మరీ బయల్దేరేవారు. 1983లో మారుతి వచ్చింది. తరవాత కార్బ్యురేటరు పోయి కంప్యూటరొచ్చింది. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగింది. ఇంట్లోనూ అంతేగా! కిరసనాయిలు స్టవ్వుని పిన్నుతో పొడిచి వెలిగించిన చేతులు ఇప్పుడు రిపేరువాడికి ఫోను చేస్తున్నాయి.

కానీ మన కొల్లేటి ప్రాంతంలో ఒక్క సంగతి మాత్రం మనకి తెలిసి తీరాలి. ఏలూరులో తమ్మిలేరో, తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువో పొంగి కారు మునిగిందనుకోండి, నీరు తీయగానే మీవారు తాళం తిప్పబోతారు. తిప్పనివ్వకండి! సిలిండరులో చేరిన నీరు గాలిలాగ నొక్కుకుపోదు, లోపలి రాడ్లే వంగిపోతాయి. ఇంజను మొత్తం విప్పాలి, ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. బ్యాటరీ తీగ విప్పించి, వర్క్‌షాపుకి లాగించండి. తడిసిన ఫ్రిజ్జుకీ, గ్రైండరుకీ కూడా ఎలక్ట్రీషియను చూసేదాకా ప్లగ్గు పెట్టకండి.