వేసవి చేపలవేట: కాలికి తగిన జోడు

మూసారాంబాగ్ పేరులోని ‘మూసారాం’ ఎవరో కాదు. నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో కన్నుమూసిన ఫ్రెంచివాడు మొస్యే రేమాండ్. ఆ పేరును మన నాలుకలు అట్లా మలచుకొన్నవి. పేటను ఒరుసుకొని మూసీ పారుతూనే ఉన్నది గాని, నగరపు మురుగంతా కలిసిన ఆ నీరు గాలం వేయదగినది కాదు. అందుచేత వేసవి రాగానే ఈ ప్రాంతపు చేపలవేట ప్రియులు తెల్లవారక ముందే ఎల్.బి.నగర్ దాటి, ఇబ్రహీంపట్నం వైపు చెరువులకు దారి తీస్తారు. మా నాన్నగారు అట్లాంటివారిలో ఒకరు.

వేసవిలో చెరువు నీరు వెనుకకు తీస్తుంది. నీటికీ గట్టుకూ నడుమ బురద బయటపడుతుంది. ఆ బురదలో ఆలిచిప్పలుంటాయి, పగిలిన సీసా పెంకులుంటాయి, ఎవరో తెంపి పారవేసిన గాలపు కొక్కెములుంటాయి. వలనుండి జారిపడిన జెల్లచేప ముల్లు కూడా ఉండవచ్చు. నాన్నగారి వయస్సు డెబ్బది దాటింది. పదిహేనేళ్ళుగా మధుమేహం ఉన్నది. వట్టి కాళ్ళతో బురదలో దిగవద్దని ఎంత చెప్పినా వినకపోతే, రెండేళ్ళ క్రిందట మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు కొని ఇచ్చాను. ఒక్క చుక్క నీరు లోపలికి రాదని అంగడివాడు హామీ ఇచ్చాడు. అతడు అబద్ధమాడలేదు.

ఆనాడు మధ్యాహ్నానికి ఎండ నలువది డిగ్రీలు దాటింది. చిక్కుకొన్న గాలం విడిపించబోయి నాన్నగారు ఒక అడుగు లోతుకు వేశారు. బూటు అంచు మీదుగా నీరు లోపలికి దిగింది. చేపలు పడుతున్న సమయం గదా, ఆ తడితోనే మరి రెండు గంటలు కూర్చున్నారు. ఇంటికి వచ్చాక బూట్లు విడిపిస్తే, మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ చిట్లి ఉన్నది. ఆయనకు నొప్పి తెలియనేలేదు. మధుమేహం ముదిరినప్పుడు పాదాలలో స్పర్శ సన్నగిలుతుంది. బాధ తెలియని పుండును ఎవరూ పట్టించుకోరు. రెండు నెలలు కట్లు కట్టించుకొన్న తరువాత గాని అది మానలేదు. మరొక వారం ఆలస్యమైతే ఎముకను పట్టేదని వైద్యుడు చెప్పినప్పుడు, నేను కొని ఇచ్చిన కానుకను తలచుకొని సిగ్గుపడ్డాను.

చెరువులలో చేపల మీద హక్కు సాధారణంగా స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలదే. వారి అనుమతి లేకుండా గాలం వేయరాదు. మాకు అనుమతి ఇచ్చిన సంఘపు పెద్ద ఒకాయన ఈ కథ విని నవ్వి, “చెరువుకు కట్టొక్కటే చాలదు సారూ, అలుగు గూడ ఉండాలె” అన్నాడు. నా ప్రసంగమంతా ఆ ఒక్కమాటకు వ్యాఖ్యానమే. అలుగులకు మించిన నీరు వచ్చి ఎగువ చెరువులు తెగితే ఏమవుతుందో మూసీ ఒడ్డువారికి 1908 సెప్టెంబరు 28 నాటి వరద నేర్పింది. కాలిజోడుకూ అదే న్యాయం. వచ్చిన నీటికి పోయే దారి ఉండవలె.

ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది గట్టిపడి నిలుస్తుందని కనుగొన్నాడు. నీటిని ఆపే బూట్లు ఆ పిమ్మట ప్రచారంలోకి వచ్చాయి. అయితే, బయటి నీటిని రానీయని రబ్బరు, లోపలి చెమటనూ పోనీయదు. అరికాలిలో స్వేదగ్రంథులు శరీరంలోని తక్కిన చోట్లకంటె దట్టంగా ఉంటాయి. మన వేసవిలో రెండు గంటలు మూసి ఉంచితే, చెరువులో దిగకుండానే కాలు తడిసిపోతుంది. తడిసి నానిన చర్మం మెత్తబడి, చిన్న ఒరిపిడికే బొబ్బ లేస్తుంది.

ఈ పాఠం సైన్యాలు కూడా కష్టపడి నేర్చుకొన్నవే. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలలో తడి బూట్లతో నిలిచిన సైనికుల పాదాలు వేలసంఖ్యలో చెడిపోయాయి. మేజోళ్ళు మార్చుకోవలెనని వారికి ఆజ్ఞలే ఇచ్చారు. ఆ పిమ్మట 1960ల నాటి వియత్నాం వరిపొలాలలో నడిచిన అమెరికా సైనికుల బూట్లకు, అడుగుభాగం దగ్గర చిన్న జల్లెడ రంధ్రాలు పెట్టారు. నీటిని ఆపలేమని తెలిసికొని, దానికి దారి ఇచ్చారన్నమాట. అదే అలుగు.

కనుక అంగడికి పోయే ముందు, మీరు చేసే వేట ఎట్లాంటిదో నిర్ణయించుకోండి. గట్టు మీద కూర్చుండి గాలం వేసేవారికి వేళ్ళు కప్పి, మడమకు పట్టీ ఉన్న గాలి ఆడే చెప్పులు చాలు. మోకాలి లోతులోపు నీటిలో దిగేవారు వలవంటి గుడ్డ పైభాగమూ, పక్కల రంధ్రాలూ ఉండి, వేళ్ళు పూర్తిగా మూసి ఉంచే జోళ్ళు ఎన్నుకోవలె. బురదనీరు, మురుగు కలిసిన నీరు అయితే రబ్బరు బూట్లకే స్థానం. ఎలుకల మూత్రం కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం కాలి గాయాల ద్వారా సంక్రమించవచ్చు. అక్కడ కూడా గంటకొకసారి బూట్లు విప్పి, కాళ్ళు తుడిచి, పొడి మేజోళ్ళు మార్చుకోవలె. లోతైన బురద బూటును పట్టి లాగుతుంది గనుక, అట్లాంటి చోటికి పోనేకూడదు. హవాయి చెప్పులు నీటిలో కాలినుండి ఊడిపోతాయి. అరిగిన అడుగు ఉన్నవైతే పాచి రాతి మీద జారుతాయి.

జోళ్ళు సాయంకాలం కొనండి. పగలంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వేటలో వేసుకొనే మేజోళ్ళతోనే తొడిగి చూడండి. పొడవైన వేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండవలె. మడమ మాత్రం లోపల ఆడరాదు. నూలు మేజోళ్ళు నీటిని పీల్చి పట్టుకొంటాయి. సన్నని ఉన్నివి గాని, త్వరగా ఆరే కృత్రిమ నూలువి గాని మేలు. ఇంటికి తెచ్చాక, జోడును బక్కెట్టు నీటిలో ముంచి తొడుక్కొని, పెరటిలో ఇరవై అడుగులు వేయండి. అప్పటికీ లోపల నీరు చప్పుడు చేస్తూ ఉంటే ఆ జోడుకు అలుగు లేదని తెలిసికోండి. వేట ముగిసిన తరువాత మంచినీటితో కడిగి, లోపలి అట్ట తీసి, పాత వార్తాపత్రిక కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రబ్బరు పగులుతుంది.

మధుమేహమున్నవారికి ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ కాలికి ఏది సరిపోతుందో ముందు వైద్యుణ్ణి అడగండి. తొడిగే ముందు జోడులో చేయి పెట్టి తడిమి చూడండి. ఆ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి, లేదా ఇంటివారిచేత చూపించుకోండి. నొప్పి లేదని గాయాన్ని ఉపేక్షించవద్దు.

నాన్నగారు ఇప్పటికీ చెరువుకు పోతున్నారు. నీటిలో దిగడం మానివేసి, కొత్త చెప్పులతో గట్టు మీదనే కూర్చుంటారు. ఇంటికి రాగానే కాళ్ళు చాపుతారు. నేను దీపం దగ్గరకు తెచ్చి ఒక్కొక్క వేలూ చూస్తాను. ఎన్ని చేపలు పడినవో ఆ తరువాతనే అడుగుతాను.