కుక్క కరిస్తే నారాయణగూడ: మన యువతకు నాలుగు మాటలు

 

మన పాట గురించి, మన పండుగల గురించి, మన భాషల గురించి ఇప్పటిదాకా పెద్దలు మంచి మాటలు చెప్పారు. నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. మెదడుకు, నరాలకు సోకే అంటురోగాలు చాలా ఉన్నాయి. మన ఏజెన్సీలో మలేరియా తలకెక్కి పోయిన పిల్లల గురించి మీలో చాలామందికి తెలుసు. 2003లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వచ్చి 329 మంది పిల్లలు మంచాన పడితే 183 మంది చనిపోయారు. అది చండీపుర వైరస్ అని పుణె శాస్త్రవేత్తలు తేల్చారు. సాయంత్రం ఆడుకున్న పిల్ల తెల్లారేసరికి ఫిట్స్‌తో పోయేది. ఇలాంటి జబ్బుల్లో ఇంటివాళ్లకు ఆలోచించుకునే టైమే ఉండదు.

ఇవాళ నేను చెప్పేది టైం ఇచ్చే జబ్బు గురించి. టైం ఇచ్చినా మనవాళ్లు పోతున్న జబ్బు. రేబిస్.

మీకు రేబిస్ తెలుసు. గ్రూప్-2కు, కానిస్టేబుల్‌కు చదివేవాళ్లకు అది ఒక బిట్. ‘రేబిస్‌కు టీకా కనిపెట్టినది?’ లూయీ పాశ్చర్, 1885. ‘ప్రపంచ రేబిస్ దినం?’ సెప్టెంబర్ 28, పాశ్చర్ వర్ధంతి. టిక్ పెట్టేస్తారు, మార్కు పడుతుంది. అదే పిల్లాణ్ణి రాత్రి 11 గంటలకు సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర నుంచి రూముకు పోతుంటే సందులో కుక్క పిక్క మీద గీరిందనుకోండి. ‘రక్తం రాలేదులే, ఎల్లుండి టెస్ట్ ఉంది, ఆ తర్వాత చూద్దాం’ అంటాడు. బిట్ తెలిసినవాడే!

2023 ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గర్లోని అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లాణ్ణి కరిచి చంపాయి. ఊరంతా కదిలిపోయింది. అలాంటి దాడి అందరికీ కనిపిస్తుంది, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుతారు. నా భయం మాత్రం ఎవరికీ కనిపించని గీత మీద. టిఫిన్ బండి దగ్గర మిగిలిన ఇడ్లీ పెడుతుంటే పంటి మొన తగలడం, హాస్టల్ గేటు దగ్గర పెంచుకున్న పిల్ల కుక్క ఆడుతూ గీరడం, ఇలాంటివి.

టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, ఏదైనా బొమ్మ గీసి చెప్తే గానీ నాకు తృప్తి ఉండదు. ఇక్కడ బోర్డు లేదు కాబట్టి మాటలతోనే గీస్తాను.

పిచ్చికుక్క లాలాజలంలో రేబిస్ వైరస్ ఉంటుంది. కరిచినప్పుడు అది కండలోకి దిగుతుంది. మిగతా చాలా సూక్ష్మక్రిముల్లాగా రక్తంలో పడి ఒళ్లంతా తిరగదు. అక్కడే దగ్గర్లో ఉన్న నరం కొసను పట్టుకుని లోపలికి దూరుతుంది. అక్కడి నుంచి నరం వెంటే వెన్నుపాముకు, వెన్నుపాము వెంట మెదడుకు పోతుంది. రోజుకు మిల్లీమీటర్ల లెక్కన కదులుతుంది. కాలి మడమ దగ్గర కరిస్తే దారి పొడుగు. మెడ మీద, ముఖం మీద కరిస్తే దారి చాలా పొట్టి. చేతివేళ్ల దగ్గర నరాలు దట్టంగా ఉంటాయి కాబట్టి అదీ ప్రమాదమే. ఎక్కువమందిలో జబ్బు బయటపడటానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. వారంలోనే పడినవాళ్లు ఉన్నారు, ఏడాది దాటాక పడినవాళ్లూ ఉన్నారు. ఈ ప్రయాణమంతా మనిషికి ఏమీ తెలియదు. పుండు మానిపోతుంది, అన్నం తింటాడు, పరీక్ష రాస్తాడు.

టీకా వేస్తే మన ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. అంటే ఇది పందెం. వైరస్ మెదడు చేరేలోపు మన సైన్యం తయారు కావాలి. వైరస్ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే కరిచిన తర్వాత వేసిన టీకా కూడా పనిచేస్తుంది. 1885 జూలై 6న పాశ్చర్ దగ్గరికి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చేటప్పటికి కుక్క కరిచి రెండు రోజులైంది. అయినా వాడు బతికాడు. ఒకసారి మెదడు చేరితే మాత్రం ఇంక పందెం లేదు. నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోతుంది, గాలి తగిలినా ఉలిక్కిపడతారు. కొందరిలో అదేమీ లేకుండా కాళ్లు చేతులు చచ్చుబడతాయి, ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుంటారు. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లను ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక మన ఊళ్ల సంగతి. కుక్క కరిస్తే కారం పెడతారు, సున్నం రాస్తారు, పసరు కడతారు, మంత్రం వేయిస్తారు. ‘ఫలానా తాత దగ్గర పసరు తాగినవాళ్లెవరూ చావలేదు’ అని మా తండాలోనూ అంటారు. ఆ మాట అబద్ధం కాదు, అందుకే కొట్టిపారేయకుండా ఎందుకలా జరుగుతుందో అర్థం చేసుకోవాలి. కరిచిన కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు. రేబిస్ ఉన్న కుక్క కరిచిన ప్రతి మనిషికీ జబ్బు రాదు. పది మందికి పసరు పోస్తే తొమ్మిది మంది పసరు లేకపోయినా బతికేవాళ్లే కావచ్చు. పదోవాడు రెండు నెలల తర్వాత పోతే ‘గాలి సోకింది’ అంటారు, కుక్కను ఎవరూ తలుచుకోరు. పసరు పేరు మాత్రం చెడదు. తాతను అవమానించకండి. ‘తాతా, నీ మంత్రం నువ్వు వెయ్యి, సూది మేం వేయించుకొస్తాం’ అనండి. ఆయన కాదనడు.

కారం, సున్నం మాత్రం ఒప్పుకోవద్దు. అవి కండను కాల్చి నరాలను ఇంకా బయటపెడతాయి. ‘కుక్క కాటుకు చెప్పు దెబ్బ’ అనే సామెత కుక్క కోసం, పుండు కోసం కాదు! పుండుకు కావలసింది సబ్బు, నీళ్లు. నల్లా కింద పెట్టి 15 నిమిషాలు కడగాలి. 15 నిమిషాలంటే ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. మనం అనుకునే దానికన్నా చాలా ఎక్కువ సేపు అది. వైరస్ పైపొర సబ్బుకు చెదిరిపోతుంది, నరం దాకా పోయే వైరస్ లెక్క అక్కడే తగ్గుతుంది. గట్టిగా కట్టు కట్టొద్దు, కుట్లు వేయమని తొందరపెట్టొద్దు.

తర్వాత సూది. అశోక్‌నగర్, చిక్కడపల్లిలో ఉన్నవాళ్లకు ఇంత దగ్గర ఇంకెవరికీ లేదు. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది, సిటీలో అందరూ ఐపీఎం అంటారు. కుక్క కరిస్తే హైదరాబాదీలు మొదట చెప్పే పేరు అదే. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ తర్వాత స్టేషనే నారాయణగూడ. నడిచినా అరగంట పట్టదు. ఇటు నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమలో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ పేరే దానికి పెట్టారు.

‘బొడ్డు చుట్టూ 14 సూదులు’ అని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడతారు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా. డేవిడ్ సెంపుల్ అనే ఆయన కసౌలీలో 1911లో తయారు చేసిన పద్ధతి. కొందరికి ఆ టీకాయే నరాల మీద పడేది. 2004 చివరికి మన దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పై పొరలోనే, రెండు భుజాల మీద చెరొక చిన్న సూది ఇస్తారు. నాలుగు సార్లు: 0, 3, 7, 28 రోజుల్లో. 0 అంటే మొదలుపెట్టిన రోజు. ఇంకొక పద్ధతిలో కండకు వేస్తే ఐదు సార్లు. పత్యం ఏమీ లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు.

చర్మం గీరుకుపోయి రక్తం రాకపోయినా టీకా కావాలి. రక్తం వస్తే, లేదా ఉన్న పుండును కుక్క నాకితే టీకా ఒక్కటే సరిపోదు. ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. తయారుగా ఉన్న యాంటీబాడీలను పుండు చుట్టూనే ఎక్కిస్తారు. మన సొంత సైన్యం తయారయ్యే వారం, రెండు వారాలు అదే కాపలా. దీన్ని అడగడం మనవాళ్లు మరిచిపోతారు. ‘సార్, రక్తం వచ్చింది, ఇమ్యునోగ్లోబులిన్ కావాలా?’ అని నోరు తెరిచి అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం మన పిల్లలకు మరీ ఎక్కువ.

మా హాస్టల్లో ఏడో తరగతి పిల్లకు పిల్ల కుక్క పన్ను తొడ మీద గుచ్చుకుంది. చెప్తే వార్డెన్ తిడుతుందని, డాక్టర్ మగాయన ఉంటాడని నాలుగు రోజులు దాచింది. పక్క మంచం పిల్ల చెప్పింది కాబట్టి బయటపడింది. తీసుకెళ్లిన మొదటి చోట స్టాక్ లేదు, సోమవారం రమ్మన్నారు. సోమవారం దాకా ఆగలేదు, అదే రోజు ఇంకో చోట వేయించాం. నాలుగు రోజులు ఆలస్యమైనా వేయించుకోవాల్సిందే. నెల ఆలస్యమైనా సరే, ‘ఇంకేం లాభం’ అనుకోవద్దు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, మా వంటమనిషితో రోజూ గొడవే.

ఇంకో చిక్కు ఉంది. మొదటి రెండు సూదులయ్యాక కుక్క బాగానే ఉందని, పండుగకు ఊరికి పోవాలని మానేస్తారు. కరిచిన కుక్క 10 రోజులు కళ్లెదుట ఆరోగ్యంగా ఉంటే ఆపవచ్చా అన్నది డాక్టర్ చెప్పాలి. వీధికుక్క పదో రోజు ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఊరికి పోతే కార్డు వెంట పెట్టుకోండి, మన పీహెచ్‌సీలో మిగతా డోసు అడగండి. ఒక డోసు తేదీ తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయరు, ఆగిన చోటి నుంచి వేస్తారు. మూడేళ్ల కింద మొత్తం కోర్సు వేయించుకున్నవాణ్ణి మళ్లీ కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండే చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అవసరం లేదు. అందుకే కార్డు పారేయకండి, ఫోటో తీసి వాట్సాప్‌లో ఇంటికి పంపండి.

మనం కుక్కలతో బతికినవాళ్లం. పోడు చేనుకు, మేకల దొడ్డికి, వేటకు కుక్క లేనిదే మన ఊరు లేదు. వాటిని చంపమని నేను చెప్పను. ప్రపంచంలో మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లనే, చనిపోయేవాళ్లలో పది మందిలో నలుగురు 15 ఏళ్లలోపు పిల్లలు. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను లేకుండా చేయాలని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. ఊళ్లో పది కుక్కలుంటే కనీసం ఏడింటికి ఏటా టీకా పడితే జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకోవడం ఆగుతుంది. ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు పశువుల డాక్టర్‌కు ఒక దరఖాస్తు రాయండి. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు దరఖాస్తు రాయడం నేను నేర్పక్కర్లేదు. కుక్కలను పట్టుకోవడానికి మాత్రం మన పిల్లలే ముందుండాలి. బయటివాళ్లు వస్తే అవి అడవిలోకి పారిపోతాయి, మీరు పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తాయి.