లిద్దా వైద్యుడు, పాపులర్ ఫ్రంట్



ఈ ఉపన్యాసానికి పాలస్తీనా పాపులర్ ఫ్రంట్ చరిత్రను ఎంచుకున్నాను. ఆ సంస్థను అర్థం చేసుకోవాలంటే ముందు లిద్దా అనే ఊరు తెలియాలి. ఇజ్రాయెల్ వారికి అది లోద్.

1948 జూలైలో ఇజ్రాయెల్ సైన్యం లిద్దాను పట్టుకుంది. ఊళ్లోని అరబ్బులను వెళ్లగొట్టమన్న ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారి యిత్జాక్ రాబిన్, తర్వాతి కాలంలో ప్రధానమంత్రి. పిల్లలనూ ముసలివాళ్లనూ వెంటబెట్టుకుని వేలాదిమంది మండుటెండలో రామల్లా వైపు నడిచారు. దారిలో దాహానికి ఎందరో రాలిపోయారు. ఆ జనంలో జార్జ్ హబష్ ఒకడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, బీరూట్ అమెరికన్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థి. చదువయ్యాక, సఫద్ నుంచి వచ్చిన మరో డాక్టర్ వాదీ హద్దాద్‌తో కలిసి అమ్మాన్‌లో శరణార్థులకు వైద్యం చేశాడు. ఇద్దరూ అరబ్ జాతీయవాద ఉద్యమాన్ని కట్టారు. అరబ్బులంతా ఏకమైతే పాలస్తీనా తిరిగి దక్కుతుందని నమ్మి, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ మీద ఆశ పెట్టుకున్నారు. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో జరిగిన ఆరు రోజుల యుద్ధంలో ఆ ఆశ కూలిపోయింది. డిసెంబరులో హబష్ నాయకత్వంలో పాపులర్ ఫ్రంట్ పుట్టింది.

సంస్థ మార్క్సిజాన్ని వరించింది, చీలికలనూ చూసింది. 1968లో అహ్మద్ జిబ్రీల్, 1969లో నాయెఫ్ హవాత్మె వేరుపడ్డారు. లోకానికి మాత్రం ఈ సిద్ధాంత చర్చలేవీ చేరలేదు. చేరినవి విమానాల హైజాకింగులే. 1970 సెప్టెంబరులో జోర్డాన్ ఎడారిలో దించిన మూడు విమానాలను, ప్రయాణికులను దింపేశాక, పేల్చేశారు. వెంటనే హుస్సేన్ రాజు సైన్యం పాలస్తీనా సాయుధుల మీద విరుచుకుపడింది. శరణార్థి శిబిరాల మీద గుళ్లవర్షం కురిసింది. విమానాల ఊసే ఎరగని కుటుంబాలు ఆ మూల్యం చెల్లించాయి.

ఇక 1972 మే 30. రోమ్ నుంచి వచ్చిన విమానం దిగిన ముగ్గురు జపనీయులు సామాన్లలోంచి తుపాకులు తీసి కాల్పులు జరిపారు. 26 మంది చనిపోయారు. వారిలో 17 మంది ప్యూర్టోరికో నుంచి యాత్రకు వచ్చిన క్రైస్తవులు. బాధ్యత తమదేనని పాపులర్ ఫ్రంట్ ప్రకటించుకుంది. ఆ ఘోరం జరిగిన చోటు లోద్ విమానాశ్రయం, అంటే హబష్ పుట్టిన ఊరి పొలిమేర.

1948లో ఆ ఊరికి జరిగింది అన్యాయం. దాన్ని ఎవరు తక్కువ చేసి చెప్పినా నేను ఒప్పుకోను. కానీ ఆ యాత్రికులు ఎవరి ఇల్లూ లాక్కోలేదు. వాళ్ల చావును ఆ అన్యాయానికి జవాబుగా చూపడం లిద్దా నుంచి నడిచిన వాళ్లకే అవమానం. ప్రాణం నిలపడం నేర్చిన వైద్యులు నడిపిన సంస్థ ఇక్కడిదాకా రావడం నన్ను ఎంతగానో కలచివేస్తుంది.

అదే 1972లో, జూలై 8న బీరూట్‌లో కారు బాంబుతో సంస్థ ప్రతినిధి, నవలాకారుడు గస్సాన్ కనఫానీని చంపారు. పక్కన కూర్చున్న 17 ఏళ్ల మేనకోడలు లమీస్ కూడా చనిపోయింది. ఆ పిల్ల చేసిన నేరమూ ఏమీ లేదు.

హైజాకింగులు వద్దని హబష్ తర్వాత నిర్ణయించాడు. హద్దాద్ వినలేదు, విడిపోయాడు. 1976లో ఉగాండాలోని ఎంటెబీకి విమానాన్ని మళ్లించింది హద్దాద్ వర్గమే. 2000లో హబష్ నాయకత్వం వదిలాడు, 2008 జనవరిలో అమ్మాన్‌లో కన్నుమూశాడు. అంతకు రెండేళ్ల ముందు, 2006 పాలస్తీనా ఎన్నికల్లో 132 స్థానాలుంటే పాపులర్ ఫ్రంట్‌కు దక్కినవి మూడు. హమాస్‌కు 74.