తగలబెట్టిన పుస్తకాన్నీ చదివారు



తెలుగు శాఖల్లో చదివే మన పిల్లలు తరచుగా అడుగుతుంటారు: "వర్ణవ్యవస్థను సమర్థించిన విశ్వనాథ సత్యనారాయణను మేమెందుకు చదవాలి సార్?" కోపంలోంచి వచ్చిన ప్రశ్నే. ఆ కోపం న్యాయమైనదే. 'వేయిపడగలు'లో ధర్మం కూలిపోతోందన్న దుఃఖం పుటపుటా వినిపిస్తుంది. ఆ ధర్మం కింద నలిగినవాళ్ల దుఃఖాన్ని మనమే వెతుక్కోవాలి.

బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని దహనం చేశారు. మరి ఆ తర్వాత దాన్ని చదవడం మానేశారా? 1946లో వచ్చిన 'శూద్రులెవరు?' తెరిచి చూడండి. ఋగ్వేదం, స్మృతులు, శాంతిపర్వం అన్నీ బోనులో నిలబడి ఉంటాయి. బడిలో సంస్కృతం చదవనివ్వకపోతే పర్షియన్ తీసుకోవలసి వచ్చిన మనిషి ఆయన. అనువాదాల సాయంతో చదివానని ముందుమాటలో దాచకుండా చెప్పుకున్నారు. పుస్తకానికున్న అధికారాన్ని కాల్చారు, పుస్తకాన్ని మాత్రం సాక్ష్యంగా దగ్గర పెట్టుకున్నారు.

అయితే నవల సాక్ష్యం మాత్రమే కాదు. విశ్వనాథ వాక్యం బాగుంటే బాగుందనే అనండి, మనకొచ్చే నష్టమేమీ లేదు. నా పేచీ ప్రశ్నపత్రంతో. "రచయిత ధర్మదృష్టిని ప్రశంసించుము" అని అడిగి, మార్కుల కోసం దళిత విద్యార్థి చేత ఆ ప్రశంస రాయించడం చదువు కాదు, వెట్టి. జాషువా 'గబ్బిలం'కు నాలుగు పద్యాల చోటిచ్చి, సమతూకం కుదిరిందనుకునే సిలబస్‌నూ నిలదీయాలి.

రాతల సంగతి సరే, నడవడిక మాట? ఇది మనకింకా కష్టమైన ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ మనవాళ్లూ ఉంటారు. సమానత్వం గురించి గొప్పగా రాసి, తోటి స్త్రీలను వేధించినవాడు మన వేదిక మీదే కూర్చుంటే? చనిపోయిన రచయితకు మన చదువు వల్ల కొత్త పెత్తనం రాదు. బతికున్నవాడికి వస్తుంది: అవార్డు కమిటీలు, పరిశోధక విద్యార్థుల భవిష్యత్తు అతని చేతిలో ఉంటాయి. అతని పుస్తకాన్ని లైబ్రరీలో చదువుకోండి, ఉటంకించి విమర్శించండి. శాలువా మాత్రం కప్పకండి. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఆ సభలో ఏ వరసలో కూర్చోవాలో ముందు ఆలోచించండి. "ఉద్యమానికి చెడ్డపేరు వస్తుంది, ఊరుకో" అని ఆమెకు చెప్పే పెద్దమనుషులు ప్రతిచోటా ఉంటారు.

వచ్చే వారం చదువుల చక్రంలో 'వేయిపడగలు', ఉన్నవ 'మాలపల్లి' పక్కపక్కన పెట్టుకుందాం. ఉన్నవ మన పక్షాన రాశారు, అయినా ఆయన గాంధేయ ఆదర్శంతో మనకు పేచీ ఉంది. రెండింటిలోనూ పొలం ఎవరిది, అందులో దిగేదెవరు, మాట్లాడేదెవరు అన్నది పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని రండి.